నూరు సార్

పోయిన బుధవారం మధ్యాహ్నం ఒకామె మా దుకాణానికి వచ్చి నూరు స్టీలు గ్లాసులు కావాలన్నది. వరంగల్ బజారులో మాది స్టీలు, ఇత్తడి సామాన్ల దుకాణం. అన్నన్ని గ్లాసులు ఒకేసారి కొనేవాళ్లు రెండే రకాలు, పెళ్లివాళ్లు, దినాలవాళ్లు. ఆమె ఏ రకమో మొహం చూస్తేనే తెలుస్తోంది. గ్లాసుల మీద ఏ పేరు కొట్టాలో రాసిమ్మని నేను కాగితం ముందుకు జరిపాను. ఆమె ఒక పేరు రాసి, దాని కింద 'జ్ఞాపకార్థం' అని రాసింది. ఆ పేరు నేను ఎన్నడూ విన్నది కాదు.

గ్లాసులు డజన్ల లెక్కన వస్తాయి, నూటెనిమిది తీసుకుంటే సరిపోతుంది కదా అన్నాడు మా ఆయన. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నూరే కావాలె అన్నా. మా నాయినను అందరు నూరు సార్ అనేటోళ్లు."

ఆరు నెలలు ప్రతి గురువారం నేను ఎదురుచూసిన మనిషి అసలు పేరు, ఆయన పోయాక, గ్లాసుల ఆర్డరు కాగితం మీద తెలిసింది నాకు. ఆ పేరు ఇక్కడ రాయను. ఆయనను ఆ పేరుతో పిలిచినవాళ్లను నేను ఒక్కరినీ చూడలేదు.

చిట్టి పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. చిట్టి మా బిడ్డ. నాలుగున్నరేళ్లు నిండాయి, వచ్చే నెల బడిలో వేయాలి. ఒకప్పుడు ఈ పిల్ల పడుకుంటే రాత్రికి పదిసార్లు లేచి ముక్కు కింద వేలు పెట్టి చూసేదాన్ని. ఆ భయం ఎట్లా పోయిందో చెప్పాలంటే ఆయన గురించే చెప్పాలి.

*

ఆయనను మొదటిసారి చూసినప్పుడు ఆయన దగ్గు నేర్పుతున్నాడు.

ప్రభుత్వ దవాఖాన వెనక వైపు, ఎండ పడే చోట, చేతుల్లో చిన్న ప్లాస్టిక్ డబ్బాలతో పదిమంది నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు సన్నగా, పొడుగ్గా ఒక ముసలాయన. చొక్కా జేబులో రెండు జతల కళ్లద్దాలు. నడుం మీద చేతులు పెట్టుకుని, ముందుకు వంగి, పొట్ట లోపలికి లాగి దగ్గి చూపిస్తున్నాడు. పాట నేర్పే పంతులు ఎత్తుకున్నంత శ్రద్ధగా ఎత్తుకున్నాడు ఆ దగ్గును.

"గొంతులకెళ్లి గాదు, కడుపులకెళ్లి రావాలె. గొంతులకెళ్లి వచ్చేది ఉమ్మి. నాకు ఉమ్మి వద్దు, తెమడ కావాలె."

ఒక ఆటో నడిపే అబ్బాయి తన డబ్బా ఇచ్చాడు. ఆయన దాన్ని వెలుగుకు ఎత్తి చూశాడు. "ఇది నీ నోటి నీళ్లు తమ్మీ. దీంతోటి స్టాంపు అంటియ్యొచ్చు, రోగం దొరకది. పో, మళ్ల దగ్గు" అని వెనక్కి ఇచ్చాడు. అందరూ నవ్వారు. నవ్వితే దగ్గు వచ్చింది. "ఆ, గిదే" అన్నాడాయన సంతోషంగా. "నింపుండ్రి, నింపుండ్రి."

నేను నవ్వలేదు. డిగ్రీ చదివాను, మంచి ఇంట్లో పడ్డాను, రోజూ రెండుపూటలా నెయ్యి వేసుకుని తింటాను, నాకెందుకు వస్తుంది అనుకుంటూ నెలన్నర పాటు మెడికల్ షాపు సిరప్పులు తాగినదాన్ని. ఒక పొద్దున తెమడలో సన్నటి ఎర్ర గీత కనిపించాక గాని మా ఆయన బండి తీయలేదు, నేను ఎక్కలేదు.

ఆయన ల్యాబ్ టెక్నీషియన్. రిటైరై చాలా ఏళ్లయింది, అయినా పొద్దున్నే వచ్చేవాడు. పరీక్ష ఇప్పుడు మిషన్ చేస్తుంది, కొన్ని గంటల్లో చెప్పేస్తుంది. మరి మీరెందుకు వస్తున్నారని నేను తరువాత ఒకసారి అడిగితే, మిషన్ మీద తనకు నమ్మకమే అన్నాడు. "కాని ఒక్కతే ఉంటది గదా పాపం, తోడుండాలె" అన్నాడు.

నూరు సార్ అనే పేరు ఎందుకు వచ్చిందో అక్కడి నర్సమ్మ చెప్పింది. మైక్రోస్కోపు కింద గాజుపలక పెట్టి, దాన్ని కొంచెం కొంచెం జరుపుతూ చూడాలి. ఒక్కో గుండ్రటి జాగా ఒక లెక్క. నూరు జాగాలు చూశాక గాని రోగం లేదని రాయకూడదు. అది రూలు. అందరికీ తెలిసిన రూలే, అందరికీ ఓపిక ఉండే రూలు కాదు. ఈయన మాత్రం బయట ఎంతమంది నిలబడ్డా, కరెంటు పోయి కిటికీ ఎండకు అద్దం తిప్పుకోవాల్సి వచ్చినా, నూరు చూడందే తల ఎత్తేవాడు కాదట. చూస్తూ ఎడమచేతి బొటనవేలితో వేళ్ల కణుపులు లెక్కపెట్టుకునేవాడు. ఆ అలవాటు చేతికి ఎంత పట్టిందంటే, మా ఇంట్లో కూర్చుని టీ తాగుతున్నప్పుడు కూడా ఆ బొటనవేలు కణుపుల మీద నడుస్తూనే ఉండేది.

నా ఫలితం చెప్పింది ఆయనే. పక్కకు పిలిచి, నా వైపు కాకుండా నా చేతిలోని డబ్బా వైపు చూస్తూ చెప్పాడు.

"కనబడ్డది బిడ్డా. పెద్దాయన ఉన్నడు. మందులున్నయి, ఆరు నెలలు. ఇంట్ల చిన్నపిల్లలెవరన్న ఉన్నరా?"

టీబీని ఆయన పెద్దాయన అంటాడని నాకు తరువాత తెలిసింది. ముందు మాటలేవీ అప్పుడు వినబడనే లేదు. ఆఖరి మాట ఒక్కటే వినబడింది. చిట్టికి అప్పుడు మూడేళ్లు. రోజూ నా మెడ చుట్టూ చేయి వేసుకుని, నా మొహంలో మొహం పెట్టుకుని పడుకునేది.

*

స్టీలు సామాన్ల ఇంట్లో గిన్నెలకు పేర్లుంటాయి. మా వంటింట్లో ఏది తిప్పి చూసినా మామయ్య పేరో, ఆయన నాయిన పేరో, ఆడపడుచుల పేర్లో ఉంటాయి. పెళ్లై వచ్చిన ఇన్నేళ్లలో నా పేరు మాత్రం ఏ గిన్నె మీదా లేదు. టీబీ అని తెలిసిన రోజు సాయంత్రం మా అత్తమ్మ దుకాణానికి ఫోన్ చేసి, ఒక కంచం, ఒక చెంబు, ఒక గ్లాసు మీద నా పేరు కొట్టించి పంపమన్నది. మా ఆయనే మిషన్ పట్టుకుని కొట్టాడు. అక్షరాలు లోతుగా పడ్డాయి, ఎంత తోమినా పోనంత.

అత్తమ్మ చెడ్డది కాదు. ఆమె చిన్నప్పుడు వాళ్ల మేనత్తను ఇదే రోగంతో వెనక కొట్టంలో ఉంచారట. గడప అవతల నుంచి అన్నం జరిపేవారట. ఆ మేనత్త అక్కడే పోయింది. ఆమెకు తెలిసిన టీబీ అది. నాకు కోపం రాలేదు, ఎందుకంటే అంతకంటే పెద్ద గీత నేనే గీసుకున్నాను. మాస్కు పెట్టుకోమని, కిటికీలు తెరిచి ఉంచమని, మందులు మొదలైన కొన్ని వారాలు పిల్లకు దూరంగా పడుకోమని డాక్టరమ్మ చెప్పింది. ఆ వారాలు అయిపోయాయి, దగ్గు కూడా తగ్గింది. అయినా నేను చిట్టిని నా గది గడప దాటనీయలేదు. అది గడప మీద కూర్చుని బొమ్మతో మాట్లాడేది. "మా అమ్మకు నేను వద్దట" అని చెప్పేది బొమ్మకు.

అట్లాంటి ఒక గురువారం ఆయన మా ఇంటికి వచ్చాడు. మందులు మింగుతున్నామో లేదో చూడడానికి తన పాత మోపెడ్ మీద ఇల్లిల్లూ తిరిగేవాడు. అది ఆయన డ్యూటీ కాదు, ఎవరూ చెప్పలేదు. వస్తూనే కిటికీలు రెండూ తెరిచి, కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. తరువాత ఎన్ని గురువారాలు వచ్చినా అదే కుర్చీ, అదే కిటికీ. గాలి మనిషి వెనక నుంచి రావాలి అనేవాడు. మొదటి రోజు కోడిగుడ్డు తినమన్నాడు. మా ఇంట్లో గుడ్డు అన్న మాటే పలకరని అత్తమ్మ మొహం చూసి అర్థం చేసుకున్నాడు కాబోలు, మళ్లీ ఎన్నడూ అనలేదు. మరుసటి గురువారం నుంచి ఆయన సంచిలో నా కోసం ఒక పల్లీల పొట్లం ఉండేది.

అత్తమ్మ పింగాణీ కప్పులో టీ తెచ్చింది. ఆయన కప్పు అందుకోలేదు. కిటికీ అరుగు మీద వేరుగా బోర్లించిన నా గ్లాసు కేసి చూశాడు. లేచి, తీసి, జేబులో నుంచి రెండో జత కళ్లద్దాలు పెట్టుకుని నా పేరు అక్షరం అక్షరం చదివాడు. "మంచిగున్నది గ్లాసు. దీంట్ల పొయ్యి అమ్మా" అన్నాడు.

"అది కోడలిది సారూ" అన్నది అత్తమ్మ నెమ్మదిగా.

"పేరున్నది గదా, చదివిన."

ఆమె కదలలేదు. ఆయనే కప్పులోని టీ గ్లాసులో ఒంపుకుని, మళ్లీ కుర్చీలో కూర్చుని, తొందర లేకుండా తాగాడు. అత్తమ్మ చూపు ఆయన పెదవుల మీదే ఉంది. తాగడం అయ్యాక గ్లాసు కింద పెట్టి చెప్పాడు.

"పెద్దాయన గాలిల తిరుగుతడమ్మా. కంచంల, గ్లాసుల కూసునేటోడు గాదు. కిటికీలు మూసి గ్లాసు దాస్తే ఏం ఫాయిదా? కిటికీలు తెరిసి గ్లాసులు కలుపుండ్రి."

అత్తమ్మ అడిగింది. "రోగానికి పెద్దాయన అనుడేంది సారూ? గౌరవమా?"

"రోగానికి గాదమ్మా, వయసుకు. మన ఖిలా కట్టే దినాలకే ఆయన ముసలోడు."

వెళ్తూ వెళ్తూ గడప మీద కూర్చున్న చిట్టిని చూశాడు. ఒక్క నిమిషం నిలబడ్డాడు. తరువాత దాన్ని ఎత్తి, ఏమీ అడక్కుండా, తెచ్చి నా ఒళ్లో కూర్చోబెట్టాడు. అంటుకునే రోజులు దాటిపోయాయి బిడ్డా, ఇంక దూరం పెట్టి దీనికి నువ్వు చేసేది మేలు కాదు అన్నాడు. చిట్టి నా మాస్కు పట్టుకుని గుంజింది. ఎన్ని వారాల తరువాతో దాని తల వాసన చూశాను.

*

కాని భయం పోలేదు. మాట వినే భయం కాదు అది. చిట్టి బరువు కొన్ని నెలలుగా పెరగడం లేదు. చిన్నపిల్లలకు దగ్గి తెమడ తీయడం రాదు కాబట్టి, పొద్దున్నే పరగడుపున సన్నటి గొట్టంతో కడుపులోని నీళ్లు తీసి పరీక్షకు పంపారు. ఎక్స్‌రే తీశారు. మిషన్ లేదన్నది. డాక్టరమ్మ ఎక్స్‌రే బాగుందన్నది. అయినా నీతో ఒకే పక్కలో పడుకున్న పిల్ల, ఐదేళ్ల లోపు పిల్ల, కాబట్టి రోగం రాకుండా ఆరు నెలలు గోలీలు వేయాలన్నది.

పిల్ల గోలీ మింగడం ఒక యుద్ధం. పొడి చేసి నీళ్లలో కలిపినా ఉమ్మేసేది. అప్పుడు నూరు సార్ కథ మొదలుపెట్టాడు. ప్రతి గురువారం కొంచెం. మిగతా రోజుల్లో అదే కథ నేను చెప్పాలి.

ఆ కథలో పెద్దాయన చాలా చిన్నవాడు, కంటికి ఆననంత. మొదట్లో మట్టిలోనో నీళ్లలోనో ఉండేవాడట, కొందరు అంటారు, ఇంకా తేలలేదు. ఆ కాలంలో మనుషులు తక్కువ. ఎండలు కాసే పెద్ద దేశంలో, ఆఫ్రికాలో, ఇరవై ముప్పై మంది ఒక గుంపుగా తిరిగేవాళ్లు. రాత్రి చలికి నిప్పు వేసుకుని, దాని చుట్టూ దగ్గర దగ్గరగా కూర్చునేవాళ్లు. పొగకు దగ్గేవాళ్లు. కథలు చెప్పుకునేవాళ్లు. ఒకరి ఊపిరి ఒకరికి తగిలేది. అట్లా కూర్చున్నప్పుడే పెద్దాయన మనుషుల్లోకి వచ్చి ఉంటాడని కొందరు అంటారు. "ఇది కూడ తేలలే" అని నా వైపు తిరిగి చెప్పేవాడు. పిల్లకు చెప్పే కథలో కూడా తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడు.

మనుషులు నడిచారు. ఆయనకు కాళ్లు లేవు, వాళ్లు మోస్తేనే నడిచాడు. ఎండలు దాటి, మంచు దాటి, మన దాకా వచ్చాడు. పాత దేశాల్లో గుడ్డలు చుట్టి దాచిన శవాల వెన్నుపూసల్లో ఆయన కూర్చున్న గుర్తులున్నాయట. ఒక చోట సముద్రం అడ్డం వస్తే పొట్ట మీద పాకే సీల్ అనే సముద్ర జంతువు ఆయనను అవతలి ఒడ్డుకు చేర్చిందట. చిట్టి రెండు చేతులా చప్పట్లు కొట్టి, పొట్ట మీద ఇల్లంతా పాకి సీల్ అయ్యేది. మూడోసారి చప్పట్లు కొట్టేసరికి గోలీ లోపలికి పోయేది.

అత్తమ్మ మొదట్లో వంటింట్లో నుంచి వినేది. ఆవుల కథ నాటికి గుమ్మం దాకా వచ్చింది. ఈ రోగం పశువుల నుంచి మనుషులకు వచ్చిందని వెనకటి పుస్తకాల్లో ఉండేదట. ఇప్పుడు దాని లోపలి జన్యువుల రాతను చదివి చూస్తే, పశువుల దగ్గర ఉన్న రకం కంటే మనుషుల దగ్గర ఉన్నదే పాత వంశమని తేలిందట. అంటే ఆవు మనకు ఇయ్యలేదు, మన వైపు నుంచే ఆవుకు పోయింది అన్నాడు సార్.

"నేను ముందే అనుకున్న" అన్నది అత్తమ్మ. "ఆవు ఎందుకిస్తది?"

ఆ రోజు నుంచి ఆయనకు టీ నా గ్లాసులోనే, అడగకుండా వచ్చేది.

నెలకొకసారి ఆయన చిట్టిని దుకాణంలో తూచేవాడు. ఇత్తడి సామాను తూచే కాంటా మీద పెద్ద గంగాళం పెట్టి, అందులో చిట్టిని కూర్చోబెట్టాలి. గంగాళం బరువు తీసేసి చెప్పాలి. మా ఆయన చెప్పిన అంకె నమ్మేవాడు కాదు, వంగి తనే చూసేవాడు. మొదటి నెల ఏమీ పెరగలేదు. రెండో నెల ఏదో కొంచెం. చిట్టి గంగాళంలో నుంచి తల బయట పెట్టి, దారిన పోయేవాళ్లను "నన్ను కొంటారా" అని అడిగేది.

*

నన్ను పడుకోనివ్వనిది ఆ కథలోనే ఉంది.

పెద్దాయన పడుకోవడం ఎందుకు నేర్చుకున్నాడో ఒక గురువారం చెప్పాడు. గుంపులో ఉన్నదే ఇరవై ముప్పై మంది. అందరినీ ఒకేసారి పడగొడితే తరువాత ఆయన ఎక్కడికి పోవాలి? అందుకని మనిషి ఒంట్లో మూలకు నక్కి, ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పడుకోవడం నేర్చాడు. గుంపులో కొత్త పిల్లలు పుట్టి పెరిగేదాకా ఆగి, అప్పుడు లేస్తాడు. చాలామందిలో ఎన్నటికీ లేవడు. ఆ మనిషి మామూలుగా బతికి, ముసలివాడై, వేరే దేనితోనో పోతాడు. అట్లా ఆయనను నిద్రలో మోస్తూ తిరిగేవాళ్లు లోకంలో లెక్కలేనంత మంది.

"తాతా, ఇప్పుడు పడుకున్నడా?" అని గుసగుసగా అడిగింది చిట్టి.

"సప్పుడు చేయకు. గోలీ మింగు. లేస్తే మళ్ల లేసిండంటవు."

చిట్టి చప్పుడు కాకుండా మింగింది. నేను మాత్రం ఆ వారమంతా రాత్రుళ్లు దాని ఛాతీ మీద చెవి పెట్టి విన్నాను, లోపల ఎవరో పడుకున్న చప్పుడు వినబడుతుందేమోనని. శనివారం ఇంక ఆగలేక ఒక్కదాన్నే దవాఖానకు వెళ్లాను. ఆయన కిటికీ పక్కన మైక్రోస్కోపు ముందు ఉన్నాడు. నా బిడ్డలో అది ఉందా లేదా, ఒక్కమాట చెప్పండి అన్నాను. లేదని చెప్పండి చాలు, నేను ఇంకేమీ అడగను అన్నాను.

"నాకు కనబడలే బిడ్డా" అన్నాడు.

ముందు కూడా అదే చెప్పాడు. ఎవరికైనా అంతే చెప్తాడని నర్సమ్మ అనేది. ఇన్నేళ్ల నౌకరీలో ఆయన నోట లేదు అన్న మాట ఎవరూ వినలేదట. ఆ రోజు నాకు కోపం ఆగలేదు. తల్లికి చెప్పే మాటేనా ఇది, ఒక్క అబద్ధం చెప్తే మీదేం పోతుంది అని గట్టిగానే అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ఆయన లేచి తన స్టూలు నాకు ఇచ్చాడు. ఒక పాత గాజుపలక పెట్టి, చూడమన్నాడు.

నీలం. అంతా లేత నీలం. దాని మీద అక్కడక్కడ, కుంకుమ అద్దిన సన్నటి నూలుపోగు ముక్కల్లాగా, ఎర్రటి పుల్లలు. రెండో మూడో. నా నిద్ర, నా పేరు గల గ్లాసు, ఆఫ్రికా నుంచి ఇక్కడిదాకా నడిచిన నడక, అన్నీ ఆ రెండు మూడు పుల్లలు. ఇంతేనా అన్నాను.

"ఇంతే. జరుపుకుంట చూడు" అన్నాడు. తరువాతి జాగాలో ఏమీ లేదు. ఆ తరువాతా లేదు. పది జాగాల దాకా ఉత్త నీలం. నాకు మెడ పట్టేసింది.

నేను తల ఎత్తేసరికి ఆయన కిటికీలో నుంచి బయటకు చూస్తున్నాడు. అప్పుడు చెప్పాడు, ఎవరికో చెప్తున్నట్టు కాకుండా.

"కొత్తగ నౌకరిల చేరిన దినాలు. ఎండాకాలం. ఒకాయన బిడ్డను భుజాన ఎత్తుకొని వచ్చిండు. ఆయన స్లైడు పెట్టిన. ముప్పై చూసిన, ఏం లేదు. కండ్లు గుంజుతున్నయి, బయట లైను ఉన్నది. లేదు పో అన్న. నా చేతులు పట్టుకొని కండ్లకద్దుకున్నడు. నాలుగు నెలలకు మళ్ల వచ్చిండు. భుజాన బిడ్డ లేదు."

కిటికీ రెక్క ఇంకొంచెం తెరిచాడు.

"నేను అడగలే, ఆయన చెప్పలే. పాత స్లైడ్లు దాచి ఉంటయి. ఆయనది ఎతికి తీసిన. మొదటికెళ్లి చూసిన. అరవై మూడో కాడ ఉన్నది."

బొటనవేలు కణుపుల మీద నడవడం ఆగింది. అంతకు ముందు గాని, ఆ తరువాత గాని అది ఆగగా నేను చూడలేదు.

"నీ బిడ్డది నూరు చూసిన. తెల్లారి మళ్ల నూరు చూసిన. మిషన్ చూసింది, డాక్టరమ్మ చూసింది. కనబడలే. పడుకొని ఉంటే గోలీలు దాని సంగతి చూస్తయి, అందుకే ఇస్తున్నం. ఇంతకంటే పెద్ద మాట నా దగ్గర లేదు. ఉంటే నీకియ్యనా?"

ఇంటికి వస్తూ ఆటోలో ఏడ్చాను, కాని అది వెళ్లేటప్పటి ఏడుపు కాదు. అప్పటిదాకా అందరూ నాకు మంచిమాటలు చెప్పారు. ఏం కాదు, ఫికర్ చేయకు, దేవుడున్నాడు అన్నారు. ఒక్కటీ నిలవలేదు. ఈయన ఇచ్చింది చిన్న మాటే. దాని కింద రెండు నూర్ల నీలం జాగాలున్నాయి. ఆ రాత్రి చిట్టి ఛాతీ మీద చెవి పెట్టకుండా పడుకున్నాను.

*

నా మందులు ముందు అయిపోయాయి, తరువాత చిట్టివి. ఆఖరి నెల గంగాళంలో కూర్చోబెడితే కాంటా మీద అంకె చూసి మా ఆయనే నమ్మలేక రెండోసారి తూచాడు. నూరు సార్ కళ్లద్దాలు మార్చుకుని వంగి చూశాడు. చిట్టి తల మీద చేయి పెట్టి, "ఇంక దీన్ని కొనాల్నంటే ఎవలితోని కాదు" అన్నాడు. పైకి ఆయన చెప్పిన శుభవార్త అంతే.

దగ్గు వస్తే దగ్గులు లెక్కపెట్టకు, వారాలు లెక్కపెట్టు అని మాత్రం చెప్పిపోయాడు. రెండు వారాలు దాటితే తీసుకురమ్మన్నాడు. తరువాత గురువారాలు వేరే ఇళ్లవయ్యాయి. అప్పుడప్పుడు బజారులో ఆ మోపెడ్ కనిపిస్తే చిట్టి సీల్ చప్పట్లు కొట్టేది. ఆయన హ్యాండిల్ వదలకుండా తల ఊపేవాడు. పోయిన సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. నిద్రలోనే పోయాడని, ఏ బాధా పడలేదని ఆ బుధవారం కూతురే చెప్పింది. నేను ఎవరినో చెప్తే నన్ను గుర్తుపట్టలేదు. నాయిన దగ్గర గోలీలు మింగినవాళ్లు ఊరి నిండా ఉన్నారు అన్నది. కాంటా మీద గంగాళం సంగతి చెప్పేసరికి మాత్రం నవ్వింది. "సీల్ పిల్లనా? మంచిగున్నదా?" అని అడిగింది. మంచిగా ఉంది, బడిలో వేస్తున్నాం అన్నాను.

నూరు గ్లాసులకు ఒకటి కొసరు ఇవ్వడం మా దుకాణం అలవాటు. మామయ్య కాలం నుంచీ ఉంది. నూటొకటి ఎందుకు, నూరు చాలు అని ఆమె కొసరు గ్లాసు నా చేతిలోనే పెట్టి పోయింది. దాని మీద కూడా ఆయన పేరు నేనే కొట్టాను. మిషన్ పట్టుకోవడం అదే మొదటిసారి. అక్షరాలు కొంచెం వంకరపోయాయి.

ఇంటికి తెస్తే అత్తమ్మ తిప్పి చూసింది. వేరుగా పెట్టలేదు. మామయ్య గ్లాసులు, నా గ్లాసు, ఆడపడుచుల గ్లాసులు ఉన్న అల్మారాలోనే వాటి మధ్యలోకి జరిపింది.

చిట్టి నిన్నటి నుంచి కొంచెం దగ్గుతోంది. క్యాలెండరులో నిన్నటి తేదీ చుట్టూ పెన్నుతో ఒక సున్నా చుట్టాను. ఈ సాయంత్రం అత్తమ్మ ఆ కొత్త గ్లాసులోనే దానికి పాలు పోసి ఇచ్చింది. మిరియాలు వేసిన పాలు, దానికి ఇష్టం లేదు. తాగకుండా ఉండడానికి గ్లాసు మీద ఏం రాసుంది అని అడిగింది. చదివి చెప్పాను. అదెవరు అన్నది. కథ చెప్పిన తాత అన్నాను.

చిట్టి గ్లాసు అంచు మీద నుంచి నా వైపు చూసింది. "మరి పెద్దాయన? ఇంక నా లోపల పడుకునే ఉన్నడా?"

అత్తమ్మ చేతిలో గరిటె ఆగింది. ఏడాదిన్నర కింద అయితే నేను ఏం చెప్పేదాన్నో నాకు తెలుసు. లేడు, లేడు, ఎన్నడూ లేడు అని దాన్ని గుండెకు అదుముకుని ఏడ్చేదాన్ని.

"నూరుసార్లు చూసినం బిడ్డా, కనబడలే" అన్నాను. "పాలు తాగు."

తాగింది.